రెండు పేజీలూ మనవి కావు



ఇంగ్లీష్ మీడియం మంచిదా చెడ్డదా అని మన దగ్గర ఎప్పుడూ అదే లొల్లి. మా హాస్టల్‌ల అందరి మాట ఒక్కటే: ఇంగ్లీషు మాకు కావాలె. వద్దనేటోళ్ల పిల్లలు ఏ బడిల చదువుతున్నరో చూసినంక మాట్లాడుకుందాం. మేం అడిగేది వేరే. ఇంట్ల గోండి, కొలామి, లంబాడి మాట్లాడే పిల్లను ఇంగ్లీషు దాకా ఏ తొవ్వల తీసుకపోతరు?

2022-23ల సర్కారు బడుల్ల ఇంగ్లీష్ మీడియం మొదలుపెట్టినప్పుడు పుస్తకాలు రెండు భాషల్లో అచ్చేసిండ్రు. ఒక పేజీ ఇంగ్లీషు, పక్క పేజీ తెలుగు. తెలుగింటి పిల్లకు అది మంచి ఆసరానే. బోథ్ చుట్టూ ఉన్న గూడేల పిల్లకు మాత్రం రెండు పేజీలూ పరాయివే. గోండిల 'ఏర్' అంటే నీళ్లు, తెలుగుల 'ఏరు' అంటే వాగు. పిల్ల తనకు తెలిసిన అర్థం చెప్తె తప్పంటరు. నాలుగుసార్లు తప్పన్నంక ఆ పిల్ల నోరే తెరువదు. ఇగ "దీనికి చదువు రాదు" అంటరు. మాతోటి ఒకటో తరగతిల కూసున్నోళ్లు ఇట్లనే ఒక్కొక్కరు బడి బంద్ చేసిండ్రు.

చట్టం లేదా అంటే ఉన్నది. భాషా మైనారిటీ పిల్లలకు ప్రాథమిక స్థాయిలో మాతృభాషలో చదువు చెప్పే వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెప్తుంది. అది 1956 నాటి ఏడో సవరణ. 2009 విద్యాహక్కు చట్టం సెక్షన్ 29 కూడా మాతృభాషే అంటది గానీ 'వీలైనంత వరకు' అని తోక పెట్టిండ్రు. అందరూ ఆ తోక పట్టుకునే తప్పించుకుంటున్నరు. అమెరికాలో శాన్‌ఫ్రాన్సిస్కోల ఇంగ్లీషు రాని చైనా పిల్లల తరఫున కేసు వేస్తే, అందరికీ అదే పుస్తకం, అదే టీచరు ఇచ్చినంత మాత్రాన సమానంగా చూసినట్టు కాదని 1974ల అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది. మన దగ్గర ఇంకా ఒకే పుస్తకం ఇచ్చి సమానమంటున్నం.

ఇది కాని పని కాదు. నిజాం కాలంల, 1943ల, హైమెన్‌డార్ఫ్ మార్లవాయిల గోండు టీచర్లకు ట్రైనింగ్ పెట్టించి, గోండి వాచకాలతో బడులు నడిపించిండు. 2004ల ఉమ్మడి రాష్ట్రంల ఎనిమిది గిరిజన భాషల్లో చదువు మొదలుపెట్టిండ్రు, గోండి, కొలామి అందులో ఉన్నయి. గుంజాల గోండి లిపికి 2018ల యూనికోడ్‌ల చోటు దొరికింది. 2011 లెక్కల ప్రకారం గోండి మాట్లాడేటోళ్లు దాదాపు 30 లక్షలు, బోడో మాట్లాడేటోళ్లు దాదాపు 15 లక్షలు. బోడో 2003లనే ఎనిమిదో షెడ్యూల్‌కు ఎక్కింది, సంతోషమే. గోండి ఇంకా బయటనే ఉన్నది.

అన్నిటికన్న పెద్ద దెబ్బ జీవో 3. ఏజెన్సీ బడుల్ల టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకేనని 2000ల ఇచ్చిన జీవోను 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. మనోళ్లు దాన్ని ఉద్యోగాల లెక్కలనే చూస్తున్నరు. మేమైతే ఆ పిల్లకు 'ఏర్' అర్థమయ్యే సారు పోయిండని చూస్తున్నం. నూరు శాతం రిజర్వేషన్ కుదరకపోతే, ఒకటి, రెండు తరగతులకు ఆ ఊరి పిల్లల భాష రావాల్నని అర్హతల పెట్టొచ్చు గదా. ఈ అర్హత ఏ కులమోళ్లయినా నేర్చుకొని తెచ్చుకోవచ్చు.

డీఎడ్ చదివిన అన్నలు, అక్కలు మన దగ్గర మస్తు మంది ఉన్నరు. ఉట్నూరు ఐటీడీఏల ఇచ్చేటందుకు ఈ ఒక్క అంశం మీద అర్జీ రాస్తున్నం. మీ గూడెం బడిల ఒకటో తరగతి పిల్లలు ఎంతమంది, వాళ్లింటి భాష ఏంది, ఆ భాష వచ్చిన టీచరు ఉన్నడా లేడా, ఈ మూడు రాసి పంపుండ్రి.