గవ్వలు వేసి థియరీ నేర్పుదాం

పిల్లలు పియానో మానేసేది వేళ్ళు నొప్పెట్టి కాదండీ, థియరీ పుస్తకం చూసి. (పియానో అంటున్నాను గానీ మా ఇంట్లో ఉన్నది కీబోర్డే. చాలా ఇళ్ళలో అంతే కదా!) వాయించడం వాళ్ళకి సరదాగానే ఉంటుంది. స్కేల్, ఇంటర్వల్, మేజర్, మైనర్ అంటూ ఎక్కాల్లా బట్టీ పట్టమనేసరికి మొహం ముడుచుకుంటారు. పదకొండేళ్ళ మా అమ్మాయి మొన్న వేసవిలో "ఇంక క్లాసుకి వెళ్ళను" అని తేల్చి చెప్పింది ఇందుకే.

పుస్తకం తెరవకముందే థియరీని ఆటలో నేర్పాలని నేనంటాను. ఇదేం కొత్త వింత కాదు. 1801లోనే ఎడిన్‌బరోలో ఆన్ యంగ్ అనే సంగీతం టీచరు పాచికలు, పావులతో థియరీ నేర్పే ఆటల పెట్టెకి పేటెంట్ తీసుకుంది.

అయితే ఏ ఆట పడితే ఆ ఆట పనికిరాదు. వైకుంఠపాళి గీసి, నోట్ పేరు చెప్తే నిచ్చెన, చెప్పకపోతే పాము అనే రకం నాకు నచ్చదు. అది రంగులేసిన పరీక్ష, అంతే. పాముకీ నోట్‌కీ సంబంధం ఏముంది? థియరీలో సగం దూరాల లెక్కే. ఈ మెట్టు నుంచి ఆ మెట్టుకి ఎంత దూరం అన్నది పావు జరిపితే తెలియాలి.

మా ఇంట్లో ఆడేది చెప్తాను. జాతకంలో రాశిచక్రం గీస్తారే, అలా చుట్టూ పన్నెండు గళ్ళు. సి నుంచి బి దాకా తెల్ల మెట్లు ఏడు, నల్ల మెట్లు అయిదు, గడికొకటి. అష్టాచెమ్మా గవ్వలు నాలుగు. ఒక్కొక్కరూ రెండేసి సార్లు వెయ్యాలి. చెమ్మా పడి తర్వాత మూడు పడితే సి నుంచి ఇ, అక్కణ్ణుంచి జి. ఆగిన మూడు గళ్ళూ కలిపి కీబోర్డు మీద వాయిస్తే సి మేజర్. ముందు మూడు, తర్వాత చెమ్మా పడితే సి మైనర్.

"అమ్మా, రెండూ ఒకే గడికి వచ్చాయి!" అంది మా అమ్మాయి. పక్కన చిక్కుడుకాయలు ఒలుస్తున్న మా అత్తగారు, చిన్నప్పుడు గీతాల దాకా నేర్చుకున్నావిడ, తలెత్తకుండానే "సా, పా కదల్లేదే. గాంధారం ఒక్కటే దిగింది" అన్నారు. ఇంగ్లీషు పేరు ఒక్కటీ తెలియకుండా! ఆ రోజు నుంచి ఆవిడా ఆటలో చేరారు.

ఇంకోటి. నాలుగేసి గళ్ళు జరిపితే మూడు అడుగుల్లో మొదటికొచ్చేస్తాం. ఏడేసి జరిపితే పన్నెండు ఇళ్ళూ తిరిగితే గానీ సొంతిల్లు చేరం. పుస్తకంలో సర్కిల్ ఆఫ్ ఫిఫ్త్స్ అని బట్టీ పట్టమనేది దాన్నే. అలాగే ఏ గడి నుంచైనా 2, 2, 1, 2, 2, 2, 1 నడిస్తే ఆ గడి మేజర్ స్కేల్ వచ్చేస్తుంది. సి నుంచి నడిస్తే అన్నీ తెల్లవే, జి నుంచి అయితే ఒక నల్లది తగులుతుంది.

"ఆడుకుంటూ కూర్చుంటే సిలబస్ ఎప్పుడవుతుంది?" అని క్లాసు దగ్గర ఒకావిడ అడిగారు. ఎ.బి.ఆర్.ఎస్.ఎం. పద్ధతిలో ఆరో గ్రేడు వాయించాలంటే ముందు అయిదో గ్రేడు థియరీ గానీ, దానికి బదులు వాళ్ళు ఒప్పుకునే పరీక్ష గానీ గట్టెక్కాలి కాబట్టి ఆవిడ బెంగ నాకు అర్థమవుతుంది. కానీ పిల్ల మూడో గ్రేడులోనే మూత వేసేస్తే ఆరో గ్రేడు ఎవరికండీ?

రెండు షరతులు మాత్రం గట్టిగా పెడతాను. జరిపిన ప్రతి అడుగూ వాయించి వినాలి, లేకపోతే అది ఉత్త కూడికలే. ఆట మధ్యలో "ఇది పరీక్షలో వస్తుంది" అన్న మాట పెద్దవాళ్ళ నోట రాకూడదు.

తాళం సంగతి ఈ గళ్ళకి అందదు. క్వార్టర్ నోట్, హాఫ్ నోట్ చప్పట్లతోనే రావాలి. ఆ పని అత్తగారు పుచ్చుకున్నారు, రోజూ చిక్కుడుకాయలయ్యాక.