పాత వలల బాధ్యత ఎవరిదో తేల్చండి

శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి,
బోగోలు, అల్లూరు, విడవలూరు, ఇందుకూరుపేట మండలాల తీర గ్రామాల మత్స్యకారులు సమర్పించుకుంటున్న వినతిపత్రం.

విషయం: చిరిగిన వలలు, సముద్రపు ప్లాస్టిక్ సేకరణ గురించి.

అయ్యా,

2000 నాటి చెత్త నిబంధనలు పట్టణాలు దాటి రాలేదు. 2016లో ప్లాస్టిక్ నిబంధనలు గ్రామ పంచాయతీలకూ వచ్చాయి. 2022 ఫిబ్రవరిలో ప్యాకింగ్ ప్లాస్టిక్‌ను వెనక్కి తీసుకుని రీసైకిల్ చేయించే బాధ్యతకు కేంద్రం మార్గదర్శకాలిచ్చి, కంపెనీలకు ఏటికేడు లక్ష్యాలు పెట్టింది. సర్క్యులర్ ఎకానమీ అంటే ఇదేనంటున్నారు, సంతోషం. అయితే ఆ లెక్కలో షాంపూ ప్యాకెట్‌కు దొరికిన చోటు మా వలకు దొరకలేదు.

వల పాడైతే బెండ్లు, సీసపు గుళ్లు విప్పుకుంటాం. మిగిలిన నైలాన్‌కు ఉప్పు, ఇసుక, గుల్లలు అంటుకుని ఉంటాయి గనుక పాత సామాన్ల వాళ్లు ముట్టుకోరు. నీళ్లలో తెగిపోయిన వలయితే అడుగున చేపల్ని చంపుతూనే ఉంటుంది. గుడ్లు పెట్టడానికొచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లు అందులో చిక్కుకుంటాయి. బోటు పంకాకు చుట్టుకుందంటే ఆ రోజు వేట పోయినట్టే.

అందుకని ముందుగా జువ్వలదిన్నె ఫిషింగ్ హార్బర్‌లో పాత వలలను తూకం వేసి కొనే కేంద్రం పెట్టించండి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. బోట్లు ఒడ్డునుంటాయి, వలలు బాగుచేసుకునేది అప్పుడే. ఆ 61 రోజుల్లో వారానికోసారి బండి ఊళ్లకు రావాలి. నైలాన్ వల, ప్లాస్టిక్ తాడు ఒకే వేడికి కరగవు, వేరుచేయాల్సిందే. ఆ పని మా ఆడవాళ్లకు కూలి ఇచ్చి అప్పగించండి.

వేటలో వలకు తగిలే సీసాలు, కవర్లు ఒడ్డుకు తెస్తే కిలోకింత అని కట్టివ్వండి. కేరళలోని నీండకరలో 2017లో మొదలైన శుచిత్వ సాగరం పథకంలో బోట్లు తెచ్చిన ప్లాస్టిక్‌ను పొడి చేసి రోడ్లకు వాడారు. డీజిల్ కాల్చి మోసుకొచ్చే చెత్తను ఊరికే తెమ్మంటే అది సేవ కాదు, వెట్టి. మైపాడు బీచ్‌లో శుభ్రత కార్యక్రమాలు వద్దనం గానీ, అక్కడ ఏరిన సంచులు ఎక్కడికి చేరుతున్నాయో పంచాయతీ బోర్డు మీద రాయించండి. రొయ్యల చెరువుల మేత సంచులకూ ఇదే పద్ధతి ఉండాలి.

వలలు, తాళ్లు తయారుచేసే కంపెనీల మీదా ప్యాకింగ్ కంపెనీల మాదిరే బాధ్యత పెట్టాలి. యూరోపియన్ యూనియన్ 2019లోనే ఆ మేరకు ఆదేశమిచ్చింది. ఇది తమ చేతిలో లేదని తెలుసు. తమ సిఫారసుతో కేంద్ర పర్యావరణ శాఖకు పంపండి.

మత్స్యశాఖ, కాలుష్య నియంత్రణ మండలి, పంచాయతీ అధికారులను, మమ్మల్ని ఒకచోట కూర్చోబెట్టి, వచ్చే వేట నిషేధం మొదలయ్యేలోగా తేల్చవలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
తీర గ్రామాల మత్స్యకారులు