అటకెక్కిన రంగుల డబ్బా



పోయిన నవరాత్రికి మన సభ్యుల ఇంటి అమ్మాయి ఒకతె కోయంబత్తూరు హాస్టలు నుంచి తంజావూరు వచ్చింది. ఇంజనీరింగు రెండో ఏడు. కొలువుకు బొమ్మలు దించుతుంటే శెట్టిగారి బొమ్మ ముఖం మీద రంగు పెచ్చులు లేచిపోయి ఉంది. "చిన్నప్పుడు నువ్వు బాగా వేసేదానివి కదే, దీనికి కాస్త కన్నూ ముక్కూ దిద్దు" అన్నారు వాళ్ళ అవ్వ. అటక మీద పాత రంగుల డబ్బా దొరికింది కానీ ట్యూబులన్నీ గట్టిపడిపోయాయి. అంగడికి పోయి నాలుగు పోస్టర్ కలర్ సీసాలు, ఒక సన్న కుంచె తెచ్చుకుంది.

మధ్యాహ్నం అన్నం తిని కూర్చున్న పిల్ల దీపం పెట్టే వేళకు లేచింది. శెట్టిగారు అయ్యాక శెట్టెమ్మ, ఆమె తర్వాత ఆవూ దూడా. అవ్వ పక్కనే కూర్చుని ఏ బొమ్మ ఎవరి పెళ్ళికి వచ్చిందో చెబుతూనే ఉన్నారట. ఫోను ఎక్కడ పెట్టిందో అమ్మాయికి గుర్తే లేదు. మేము కొలువు చూడబోయినప్పుడు ఒక మాట అంది: "ఇది నాకు ఇంత ఇష్టమని మరిచేపోయాను."

ఆ మాట మాకు గుచ్చుకుంది. ఎందుకంటే మరిపించినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఆమె 8వ తరగతిలో ఉన్నప్పుడు ఉగాది బొమ్మల పోటీలో మొదటి బహుమతి ఇచ్చింది మన సంఘమే. రెండేళ్ళు తిరిగేసరికి "పదో తరగతి వచ్చింది, ఇంకా బొమ్మలేనా అమ్మా?" అన్నది కార్యవర్గంలో ఉన్న మేమే. ప్లస్ టూ మార్కులకు శాలువా కప్పాం. రంగుల డబ్బా ఏమైందని ఒక్కరమూ అడగలేదు.

మన సభల్లో ఒక గొప్ప చెప్పుకుంటాం. తంజావూరు పటాలు వేసే వంశాల్లో తెలుగు మాట్లాడే రాజుల కుటుంబాలు ఉన్నాయని. నిజమే. తమిళంలో దాన్ని పలగై పడం అంటారు, మన చెవికి అది పలక పటమే. చెక్కకు గుడ్డ అంటించాలి. సుద్ద పూత పూసి నున్నగా రుద్దాలి. నగలు, తోరణాలు ఉబ్బెత్తుగా తీర్చి, రాళ్ళు పొదిగి, బంగారు రేకు అంటించాలి. ఇంత అయ్యాకే రంగులు. ఇలాంటి పని పుస్తకం చదివితే రాదు. పెద్దల పక్కన కూర్చున్న పిల్లల చేతుల మీదుగానే ఇంతదాకా వచ్చింది. తాతల చేతిపనికి చప్పట్లు కొట్టి, మనవరాలి చేతిలో కుంచె లాక్కుంటే ఏం న్యాయం?

"బొమ్మలు కూడు పెడతాయా?" అని అడిగేవారు ఉంటారు. చదువు మానమని ఎవరూ అనడం లేదు. ఆ అమ్మాయి కూడా మానలేదు. హాస్టల్లో ఆదివారం ఒక పూట బొమ్మ వేసుకుంటోంది, అంతే. సోమవారం క్లాసుకు మనసు తేలికగా వెళ్తున్నానంటోంది. వారానికి ఒక పూట ఇవ్వలేనంత కరువులో మన ఇళ్ళు లేవు. ఇంకో సంగతి. బాగుందని తెలియగానే దాన్ని క్లాసులో చేర్చడం, పోటీకి పంపడం, అమ్మిపెడతామనడం వద్దు. ఇష్టాన్ని ఇష్టంగానే ఉండనిద్దాం.

అందుకే మా మాట ఇది. వచ్చే ఉగాదికి పోటీ పెట్టవద్దు. పంచాంగ శ్రవణం అయ్యాక ఒక గంట అందరం కూర్చుని బొమ్మలు వేద్దాం. కాగితాలు, రంగులు సంఘం ఖర్చు. మార్కులు లేవు, బహుమతులు లేవు. పది, ప్లస్ టూ పిల్లల్ని "పరీక్షలు" అని ఇంట్లో ఆపకండి. ముగ్గు బాగా వేసే అవ్వలూ రావాలి. ఆ అమ్మాయి వస్తానంది.

ఈలోగా ఈ ఆదివారం మీ ఇంటి అటక ఒకసారి చూడండి. పిల్లలదే కానక్కరలేదు, మీ రంగుల డబ్బా కూడా అక్కడే ఉందేమో.