వార్డులో చేసిన కార్డును చేయి చాపి అందుకోండి



డిసెంబరు వచ్చిందంటే మా వార్డులలో కత్తెరలు, జిగురు డబ్బాలు బయటకు వస్తాయి. నెలల తరబడి మందులు వాడుతున్నవారు, వారికి తోడుగా ఉన్నవారు క్రిస్మస్ కార్డులు చేస్తారు. "ఫోనులో ఒక్క నిమిషంలో శుభాకాంక్షలు వెళ్లిపోతుంటే ఈ కత్తిరింపులు, అతికింపులు ఎందుకు సిస్టర్?" అని కొందరు అడుగుతున్నారు. మా అభిప్రాయం చెప్పాలని ఈ నాలుగు మాటలు రాస్తున్నాము.

అచ్చువేసి అమ్మిన మొదటి క్రిస్మస్ కార్డు 1843లో లండనులో వచ్చింది. హెన్రీ కోల్ అనే ఆయన జాన్ హార్స్‌లీ అనే చిత్రకారుని చేత దానిని గీయించారు. మధ్యలో ఒక కుటుంబం పండుగ విందుకు కూర్చుని ఉంటుంది. ఒక ప్రక్క ఆకలిగొన్నవారికి ఆహారం పెట్టడం, మరో ప్రక్క బట్టలు లేనివారికి బట్టలు ఇవ్వడం కనిపిస్తాయి. పండుగ చేసుకునే ఇల్లూ, కష్టంలో ఉన్నవారూ ఒకే కార్డులో ఉన్నారన్నమాట. మా వార్డు కార్డులు కూడా ఈ ఇద్దరినీ కలపాలని మా కోరిక.

వీటికి పెద్ద ఖర్చు లేదు. పాత శుభలేఖలు, కేలండర్లు చాలు. దళసరి కాగితాన్ని సగానికి మడిచి, మడత వైపు నుండి అంగుళం ఎడంగా రెండు సమానమైన గాట్లు పెట్టి, మధ్య ముక్కను లోపలికి తోయండి. కార్డు తెరవగానే అది చిన్న మెట్టులా లేచి నిలుస్తుంది. దాని ముందు పశువుల తొట్టి బొమ్మ అతికించవచ్చు. సన్నని రంగు కాగితపు పట్టీలను అగరుబత్తి పుల్లకు చుట్టి, కాస్త వదులు చేసి, కొసను నొక్కితే ఆకు ఆకారం వస్తుంది. అలాంటివి అయిదు కలిపితే నక్షత్రం. పక్షవాతం వల్ల చేయి బలహీనపడినవారికి ఈ మడతలు, ఒత్తుడులు వేళ్లకు మంచి అభ్యాసం. అయితే ఇది ఫిజియోథెరపీకి తోడే గాని బదులు కాదు.

రెండు జాగ్రత్తలు. గ్లిట్టర్ పొడి వార్డులోకి వద్దు. కంట్లో పడితే కనుగుడ్డు గీరుకుపోతుంది. పాట పాడే కార్డులు చిన్నపిల్లల దగ్గర ఉంచవద్దు. వాటిలోని గుండీలాంటి బ్యాటరీని బిడ్డ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగాడేమోనన్న అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

ఇక అసలు మాట. కొన్నేళ్ల క్రితం క్షయకు చికిత్స పొందుతున్న ఒక సోదరి వరండాలో కూర్చుని పన్నెండు కార్డులు చేసింది. కేరల్స్ పాడడానికి వచ్చినవారికి ఇవ్వబోతే, "బల్ల మీద పెట్టమ్మా, తర్వాత తీసుకుంటాము" అన్నారు. వారు వెళ్లిపోయాక కార్డులన్నీ బల్ల మీదే ఉన్నాయి. ఆమె ఏమీ అనకుండా వాటిని తీసి దిండు క్రింద పెట్టుకుంది. వచ్చినవారిని మేము నిందించడం లేదు. ముందుగా వారికి తెలియజెప్పకపోవడం మా లోపమే.

ఇప్పుడు చెబుతున్నాము. ఊపిరితిత్తుల క్షయ గాలి ద్వారా వస్తుంది, రోగి దగ్గినప్పుడు, తుమ్మినప్పుడు. కాగితం ముట్టుకుంటే రాదు, చేయి కలిపితే రాదు, పళ్లెం వల్ల, దుప్పటి వల్ల రాదు. మందులు పనిచేస్తూ, క్రమంగా వేసుకుంటుంటే, సాధారణంగా రెండు మూడు వారాలలో ఇతరులకు అంటించే గుణం బాగా తగ్గిపోతుంది. డాక్టరుగారు చెప్పేవరకు మాస్కు వేసుకోవాలి, కిటికీలు తెరిచి ఉంచాలి. మందులు మాత్రం కనీసం ఆరు నెలలు. అన్ని నెలలు నిలబడడానికి మాత్రలతోబాటు మనుషులు కూడా కావాలి. నలుగురూ ముఖం చాటేస్తే మందులు మానేసేవారిని మేము చూశాము.

కాబట్టి ఈ క్రిస్మస్‌కు వార్డుకు వచ్చినప్పుడు, ఎవరైనా కార్డు ఇస్తే చేతితో అందుకోండి. వారి పేరు అడగండి. దానిని మీ ఇంట్లో నలుగురికీ కనబడేచోట పెట్టండి. వీలైతే మీ పిల్లల చేత ఒక కార్డు చేయించి, లోపల ఆ పేరే రాసి తిరిగి పంపండి. ప్రభువు కుష్ఠరోగిని చేయి చాపి ముట్టిన సంగతి ఎన్నో ప్రసంగాలలో విన్నాము. ఒక కాగితాన్ని అందుకోవడం మనకు కష్టం కాకూడదు.