నగల పుట్టిల్లు... రబ్బరు ముక్క!

బంగారం షాపులో ట్రే బయటికి తీస్తే ఇరవై ఉంగరాలు. అన్నిటి మీదా అదే నెమలి, అదే మెడ వంపు, అవే ఈకలు. ఇరవై మంది కంసాలులు కూర్చుని చేశారా? పోనీ, ఒక్కరే ఇరవై సార్లు చేశారా? ఊహూ! ఒక్క కంసాలి ఒక్కసారే చేశాడు. మిగతా పని అరచేతిలో పట్టే ఓ రబ్బరు దిమ్మది.

పోత పోసి చేసే నగలకు ఆ దిమ్మే పుట్టిల్లు. విచిత్రం ఏమిటంటే, బంగారం ఆ ఇంటి గడపే తొక్కదు. వెయ్యి డిగ్రీల దాకా కాగిన లోహాన్ని పోస్తే రబ్బరు మాడి మసైపోదూ! అందులో పోసేది మైనం. ఆ మైనం కరిగి ఖాళీ చేసిన చోటికే తర్వాత బంగారం వస్తుంది.

ఉడికితేనే అచ్చు

ముందు ఒక నమూనా నగ చేస్తారు. దాన్నే 'మాస్టర్' అంటారు. ఎక్కువగా వెండితో ఉంటుంది. దానికి చిన్న కడ్డీ ఒకటి అతికిస్తారు. రేపు మైనం లోపలికి వెళ్లే దారి అదే మరి. పచ్చి రబ్బరులో గంధకం ఉంటుంది కాబట్టి అది తగిలిన వెండి నల్లబడుతుంది. అందుకని మాస్టర్‌కి ముందే రోడియం పూత వేయిస్తారు.

అల్యూమినియం చట్రంలో పచ్చి రబ్బరు పట్టీలు పేర్చి, మధ్యలో మాస్టర్‌ని పడుకోబెడతారు. రాళ్లు పొదిగే గుంటల్లో, కాడల సందుల్లో చిన్న చిన్న రబ్బరు ముక్కలు కూరతారు. పైన మళ్లీ పట్టీలు. చట్రాన్ని వేడి పలకల ప్రెస్సులో బిగించి, దాదాపు 150 డిగ్రీల దగ్గర ఉంచుతారు. దిమ్మ మందాన్ని బట్టి ముప్పావు గంట అటూ ఇటూ. బంకలా ఉన్న రబ్బరు నగ మీది ప్రతి గీతలోకీ పాకి, సాగే దిమ్మగా మారిపోతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టిన వల్కనైజేషన్ ఇదే. లారీ టైరుకీ లక్ష్మీదేవి లాకెట్టుకీ చుట్టరికం ఇక్కడే కలిసింది!

కత్తి తప్పితే అంతే

ఇప్పుడు మాస్టర్ దిమ్మ కడుపులో ఉంది. బయటికి తీయాలంటే కోయాలి. అసలు పనితనం ఇక్కడే. ఆపరేషన్లకు సర్జన్లు వాడే సన్నని బ్లేడునే నీళ్లలో తడుపుకుంటూ, రబ్బరును సాగదీసి పట్టుకుని, కొంచెం కొంచెంగా కోసుకుపోతారు. నాలుగు మూలలా ఒక సగంలో గుబ్బ, రెండో సగంలో గుంట వచ్చేలా కోస్తారు. మళ్లీ మూసినప్పుడు రెండు సగాలూ వెంట్రుకవాసి జరగకుండా అతుక్కోవాలి కదా! కోత నగ అంచు వెంటే సాగాలి. నెమలి ముఖం మీదుగా వెళ్లిందా... మైనం మీద గీత, బంగారం మీద గీత. ఆకురాయితో రుద్దితే గీతతోపాటు బంగారమూ పోతుంది. అదీ ఒక్క నగకు కాదు, ఆ అచ్చులో పుట్టిన ప్రతి నగకూ!

ఆ తర్వాత పని చకచకా సాగుతుంది. అచ్చులోకి 70 డిగ్రీల వేడి మైనం కొట్టడం, ఆరాక తీయడం, మైనపు నగల్ని చెట్టుకు కొమ్మల్లా అతికించడం, చుట్టూ ప్లాస్టర్ పిండి పోయడం. కొలిమిలో పెడితే మైనం కరిగి, కాలిపోతుంది. మిగిలిన బోలులోకి బంగారం!

కోర్టుకెక్కిన అచ్చు

మైనం పోత మనకు కొత్తేం కాదు. మొహెంజొదారో నాట్యకత్తె కంచు బొమ్మ అలా పుట్టిందే. 2018లో జీఐ గుర్తింపు పొందిన ఆదిలాబాద్ డోక్రా కళాకారులు ఇప్పటికీ అదే దారిలో ఉన్నారు. కాకపోతే బొమ్మ బొమ్మకీ మైనం కొత్తగా చుట్టాలి, మట్టి అచ్చు పగలగొట్టాలి. అందుకే ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు.

రబ్బరు అచ్చును, మైనాన్ని, గిరగిర తిప్పి లోహం పోసే యంత్రాన్ని కలిపి నగలు చేసే పద్ధతికి అమెరికాలో జంగర్సన్ అనే ఆయన 1938లో పేటెంటు పొందాడు. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. పదహారో శతాబ్దంలో ఇటలీ స్వర్ణకారుడు సెల్లినీ చెప్పిన పద్ధతికి తెలిసిన యంత్రాన్నే తగిలిస్తే అది కొత్త ఆవిష్కరణ కాదంటూ 1949లో కోర్టు పేటెంటు కొట్టేసింది. తీర్పుతో విభేదించిన జస్టిస్ జాక్సన్, ఈ కోర్టు చేతికి చిక్కని పేటెంటు ఒక్కటే చెల్లేలా ఉందని చురక వేశారు!

అమ్మమ్మ కమ్మలు ఇద్దరికీ!

అమ్మమ్మ కమ్మలు ఒక్క జతే, మనవరాళ్లు ఇద్దరు. వాటితోనే అచ్చు తీయించొచ్చా? తీయించొచ్చు. కానీ ముత్యాలు, మీనాకారీ ఉంటే వేడి ప్రెస్సులో పెట్టనివ్వకండి. ఉడికించే పని లేకుండా గది వేడికే గట్టిపడే సిలికాన్ రబ్బరు అడగండి. ఇంకో సంగతి... చల్లారేటప్పుడు రబ్బరు కుదించుకుపోతుంది, మైనమూ, బంగారమూ అంతే. అందుకే కొత్త మాస్టర్‌ని కాస్త పెద్దదిగా చేస్తారు. పాత నగనే అచ్చు తీస్తే కొత్తది ఓ పిసరు చిన్నదిగా వస్తుంది. దానికి మళ్లీ నకలు తీస్తే ఇంకా చిన్నది, గీతలు ఇంకా మొద్దు. అమ్మమ్మ కమ్మలు పదిలంగా దాచి, ప్రతిసారీ వాటి నుంచే అచ్చు తీయించడం మేలు.

కొనేటప్పుడూ ఒక ప్రశ్న వేయండి: "ఇది పోతా, చేతిపనా?" హాల్‌మార్క్ బంగారం స్వచ్ఛతను చెబుతుంది. పని ఎలా చేశారో చెప్పదు. మాస్టర్ చేసిన కంసాలి కష్టం, అచ్చు కోసిన చేతి నేర్పు వందల నగల మీద పంచుకుపోతుంది. అలాంటప్పుడు పోత నగకీ, చేత్తో చేసిన నగకీ మజూరి ఒకటే అంటే ఎందుకని అడిగే హక్కు మీకుంది. మజూరి ఎంత, తరుగు ఎంత... బిల్లులో విడివిడిగా రాయించుకోండి.