గండి పడకముందే గట్టు

కృత్రిమ మేధ మన పొలాల దాకా వచ్చేసింది. ఆకు ఫోటో తీసి పంపితే తెగులేమిటో ఫోనే చెబుతోంది. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో ఐదేళ్లలో 1500 కోట్ల డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం పెడతామని ప్రకటించింది. కాబట్టి ఇది ఎక్కడో అమెరికా వాళ్లు తేల్చుకునే సంగతి అనుకుని ఊరుకోలేం.

యంత్రాలు మనకు కొత్త కాదు. వరికోత యంత్రం వచ్చింది. రైతుకు రోజులు కలిసొచ్చాయి, కూలీలకు పని దినాలు పోయాయి. అయినా ఎప్పుడు కోయాలో, ఎవరికి అమ్మాలో మనమే చెప్పాం. ఇప్పుడు తయారుచేయాలని చూస్తున్నది ఆ నిర్ణయాలను కూడా మనకంటే బాగా తీసుకునే యంత్రాన్ని. ఈ విద్యకు పునాదులు వేసినవారిలో ఒకరైన జెఫ్రీ హింటన్ 2023లో గూగుల్ ఉద్యోగం వదిలి మరీ దీని ప్రమాదం గురించి మాట్లాడుతున్నారు. ఆయనకు 2024లో భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి వచ్చింది. రాబోయే ముప్పై ఏళ్లలో ఈ యంత్రాల వల్ల మానవజాతి అంతరించే అవకాశం 10 నుంచి 20 శాతం ఉందని ఆయన అంచనా. కాదనే శాస్త్రవేత్తలూ ఉన్నారు. కానీ పదింట ఒక వంతు మునిగే పడవలో పిల్లల్ని ఎవరం ఎక్కించం.

యంత్రానికి మనపై పగ ఎందుకుంటుందని కొందరు అడుగుతున్నారు. పగ అక్కర్లేదు. దాళ్వాలో నీరు చాలని ఏడాది కాలువల పంపిణీ దానికి అప్పగించి, ప్రతి నీటిబొట్టుకూ ఎక్కువ రాబడి రావాలని చెప్పామనుకుందాం. శివారు పొలాలు ఎండగట్టి, నీరంతా చేపలు, రొయ్యల చెరువులకు మళ్లించమని అది చెప్పవచ్చు. పేరు ఏ రికార్డులోనూ లేని కౌలు రైతు దాని లెక్కలోకే రాడు. అక్కడ లెక్క తప్పలేదు, మనం అడిగిన తీరే తప్పింది. ఈ రోజు అలా జరిగితే ఇంజినీరును నిలదీస్తాం, లాకుల దగ్గర ధర్నా చేస్తాం, వంతులు మార్పించుకుంటాం. మనందరికంటే తెలివైన యంత్రం దగ్గర తప్పు ఎక్కడ జరిగిందో పట్టుకోవడమే మన వల్ల కాదు. ఇక నిలదీసేది ఎవరిని?

ముందు గిట్టుబాటు ధర, కౌలు కార్డుల సంగతి చూద్దాం, ఇవన్నీ తర్వాత అని కొందరు మిత్రులు అంటున్నారు. ఆ పోరాటాలు ఆగవు. అయితే అక్కడా ఇక్కడా ప్రశ్న ఒకటే: మన బతుకును నిర్ణయించేది ఎవరు, వారు ఎవరికి జవాబుదారీ?

మేము యంత్రానికి వ్యతిరేకం కాదు. గోదావరి బలం మన బలం కంటే ఎంతో ఎక్కువ. అయినా 1852 నాటికి ధవళేశ్వరం ఆనకట్ట కట్టి, ఆ నీటితోనే డెల్టా బతికింది. ఆనకట్టతో పాటు తలుపులు, లాకులు, గట్లు, వాటికి కాపలా మనుషులు ఉన్నారు కాబట్టే అది సాధ్యమైంది. ఇంతా చేసి 1986 ఆగస్టులో 35 లక్షల క్యూసెక్కులు వచ్చినప్పుడు గట్లు తెగి ఊళ్లు మునిగాయి. ఈ రోజు ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది. ఏ హెచ్చరికకు ఎవరు ఏం చేయాలో వరద రాకముందే రాసిపెట్టుకున్నాం.

ఈ యంత్రాలకు అలాంటి గేజి ఏదీ? ఏ స్థాయి దాటితే తయారీ ఆపాలి, ఆపమనే అధికారం ఎవరిది? తయారుచేసే కంపెనీలే నీటిమట్టం కొలిచి, తామే ప్రమాదం లేదంటే సరిపోదు. ప్రభుత్వాలు కలిసి హద్దులు గీయాలి. నీరు, పంట నమోదు, బీమా, అప్పు విషయాల్లో చివరి సంతకం పేరున్న అధికారిదే కావాలి. కారణం తెలుగులో చెప్పాలి. అప్పీలుకు దారి ఉండాలి.

గట్టు బలపరిచేది ఎండాకాలంలోనే. ఈ నెల గ్రామ కమిటీ సమావేశాల్లో ఈ విషయం చర్చకు పెట్టి, తీర్మానాలు పంపాలని సభ్యులను కోరుతున్నాం.