తాళం పడిన గ్రంథాలయం

నేరపరిశోధన కథలు చదవడమూ, చూడడమూ కాలాన్ని వృథాపుచ్చడమేనన్న అభిప్రాయం మన విద్యాధికులలో చాలాకాలంగా పాతుకొని ఉన్నది. హత్య ఒకటి జరుగుతుంది. అనుమానం పదిమందిపై ప్రసరిస్తుంది. చివరకు పదకొండవవాడు పట్టుబడతాడు. పాఠకుడు పుస్తకం మూసి నిద్రపోతాడు. ఇంతకుమించి వాటిలో ఏమున్నదని పెద్దలు అడుగుతారు. నూటికి తొంబది కథల విషయంలో ఈ ప్రశ్న న్యాయమైనదే. మిగిలిన పదింటిలో మాత్రం మనల్ని మనం ప్రశ్నించుకొనేటట్లు చేసేవి ఒకటి రెండు ఉంటవి. అటువంటి కథ ఒకటి టెలివిజన్ ధారావాహికగా వచ్చి ఉన్నది. మన పాఠశాలల ఉపాధ్యాయులూ విద్యార్థులూ దానిని గురించి ఒకసారి ఆలోచించడం మేలు.

క్రైస్తవ మఠాలను హత్యలకు రంగస్థలంగా చేసికొన్న కథలు పాశ్చాత్యదేశాలలో ఒక ప్రత్యేకశాఖగా వర్ధిల్లినవి. ఎడిత్ పార్జెటర్ అనే ఆంగ్ల రచయిత్రి ఎల్లిస్ పీటర్స్ అనే మారుపేరుతో 1977 మొదలు వ్రాసిన నవలలలో, పన్నెండవ శతాబ్దపు ష్రూస్‌బరీ మఠంలో మందుమొక్కల తోటను పెంచే కాడ్‌ఫెల్ అనే సన్న్యాసి హంతకులను పట్టుకొంటాడు. 1994 నుంచి 1998 వరకు అవి బ్రిటిష్ టెలివిజన్‌లో ప్రదర్శితమైనవి. డెరెక్ జాకోబీ ఆ సన్న్యాసి పాత్రను ధరించినాడు. అవి ఉత్తమమైన కాలక్షేపాలు. వాటికంటె లోతైనది ఇటలీ విద్వాంసుడు ఉంబర్తో ఎకో 1980లో ప్రచురించిన నవల. దాని పేరును ‘గులాబి నామధేయం’ అని మనం తెనిగించుకొనవచ్చును. 1986లో అది చలనచిత్రమైనది. 2019లో ఇటలీ టెలివిజన్‌వారు ఎనిమిది భాగాల ధారావాహికగా దానిని ప్రసారం చేసినారు. అందులో జాన్ టర్టూరో ప్రధానపాత్రధారి.

కథాకాలం 1327వ సంవత్సరం. ఉత్తర ఇటలీ కొండలలో ఒక సంపన్నమైన మఠం ఉన్నది. ఆ మఠపు గ్రంథాలయానికి క్రైస్తవలోకంలో సాటి లేదని ప్రతీతి. కాని అందులోనికి గ్రంథపాలకుడు తప్ప ఇతరులు అడుగుపెట్టరాదు. గదుల అమరిక ఒక పద్మవ్యూహం. ఏ గ్రంథం ఎవరికి ఇవ్వవచ్చునో, ఎవరికి ఇవ్వరాదో నిర్ణయించే అధికారం అతనిది. అటువంటిచోట సన్న్యాసులు ఒకరివెనుక ఒకరు మరణిస్తుంటారు. విలియం అనే అతిథి సన్న్యాసి, అద్సో అనే యువశిష్యునితో కలిసి, ఏడు దినాలలో ఆ రహస్యాన్ని ఛేదిస్తాడు. చనిపోయినవారిలో కొందరి వ్రేళ్లూ నాలుకలూ నల్లబడి ఉన్నవి. వారు ఒకే గ్రంథాన్ని చదివినవారు. గ్రీకు తత్త్వవేత్త అరిస్టాటిల్ హాస్యాన్ని గురించి వ్రాసినాడని చెప్పబడే, లోకానికి దక్కకుండా పోయిన భాగం అది. దాని పుటలకు ఎవరో విషం పూసినారు. వ్రేలు నాలుకకు అద్దుకొని పుటలు త్రిప్పినవాడు ఎంత చదివితే అంత విషం మింగుతాడు. ఆ పని చేసినవాడు జోర్జె అనే వృద్ధ సన్న్యాసి, కన్నులు లేనివాడు. నవ్వు నేర్చినవానికి భయం పోతుందనీ, భయం పోయినచోట భక్తి నిలువదనీ అతని నమ్మకం. చివరకు అతడు ఆ గ్రంథాన్ని చింపి మింగుతాడు. గ్రంథాలయమంతా అగ్నికి ఆహుతి అవుతుంది.

ఈ కథను చూచినవారు హంతకుడు ఎవరన్న ప్రశ్నతో మొదలుపెడతారు. కథ ముగిసేసరికి ఆ ప్రశ్న చిన్నదైపోతుంది. గ్రంథానికి తాళం వేసినవాడు ఎవడు, ఏ భయంతో వేసినాడు అన్న ప్రశ్న దానిని ఆక్రమిస్తుంది. మనుష్యుల ప్రాణాలు తీయడానికి చాలముందే జోర్జె ఆ పుస్తకాన్ని పాఠకులకు లేకుండా చేసినాడు. మిగిలిన మరణాలన్నీ ఆ మొదటి నేరాన్ని కప్పిపుచ్చడానికి జరిగినవే.

దీనిని మతదూషణగా భావించడం పొరపాటు. ఎకో బొలోన్యా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడుగా ఉండినవాడు. మధ్యయుగపు సంస్కృతిని అభ్యసించి అభిమానించినవాడు. రోమక సామ్రాజ్యం కూలిన తరువాత ఐరోపాలో ప్రాచీనగ్రంథాలు అనేకం మిగిలినవంటే, మఠాలలో సన్న్యాసులు చలిలో వ్రేళ్లు కొంకర్లుపోతున్నా ప్రతులు వ్రాయడంవల్లనే. మన దేశంలో జైన భాండాగారాలూ, మఠాలూ, పండితుల ఇండ్ల అటకలూ చేసిన మేలు అటువంటిదే. కాపాడిన చేయియే ఒక్కొక్కప్పుడు తాళం బిగించే చేయి కావడంలో ఈ కథలోని విషాదం ఉన్నది.

ఇటువంటి కథ కొరకు ఇటలీ దాకా పోవలసిన పని కూడ లేదు. ఏడవ శతాబ్దంలో మన దేశమంతట సంచరించిన చీనా యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్, దక్షిణ కోసలను వర్ణిస్తూ ఆచార్య నాగార్జునుని గురించి రెండు గాథలు వ్రాసి ఉంచినాడు. మొదటిది ఒక మరణగాథ. నాగార్జునుని ఔషధమహిమవల్ల శాతవాహనరాజు దీర్ఘాయువై ఉండగా, సింహాసనానికై వేచిన రాజకుమారునికి తన వంతు రాదాయెను. తల్లి బోధించినమీదట అతడు విహారానికి పోయి, బోధిసత్త్వునకు ఈయరానిది లేదు గదా, నీ శిరస్సు నాకు దానమిమ్మని అడుగుతాడు. నేను పోతే నీ తండ్రియు పోతాడని హెచ్చరించి, నాగార్జునుడు ఒక ఎండు గడ్డిపరకతో తన కంఠాన్ని తానే ఖండించుకొంటాడు. ఆ వార్త విని రాజు మరణిస్తాడు. ఆయుధం పట్టినది నాగార్జునుని చేయి. చంపినది ఎవరో చదువరికి వేరుగా చెప్పనక్కరలేదు.

రెండవ గాథ విహారానిది. రాజు ఆచార్యునికొరకు కొండను తొలిపించి అయిదు అంతస్తుల విహారం నిర్మింపజేసినాడట. పై అంతస్తులో నాగార్జునుడు బుద్ధవచనాలను, శాస్త్రగ్రంథాలను భద్రపరచినాడట. కాలక్రమాన భిక్షువులలో కలహం పుట్టినది. ఆ కలహాన్ని ఆసరా చేసికొని దుష్టులు విహారాన్ని పాడుచేసి, భిక్షువులు మరల రాకుండ ద్వారాలను మూసివేసినారు. నాటినుంచి లోనికి దారి ఎక్కడనో తెలిసినవారు లేరని యాత్రికుడు వ్రాసినాడు. ఆ కొండ ఎక్కడిదన్న విషయంలో పండితులకు ఏకాభిప్రాయం లేదు. కృష్ణాతీరాన నాగార్జునికొండలో 1926లో బయటపడిన శిథిలాలను చూచినప్పుడు ఈ గాథ జ్ఞాపకం రాక మానదు. అక్కడి విహారాలలోనూ ఒకనాడు గ్రంథాలు ఉండి ఉండవలెను. రాతిమీది శాసనాలు మనకు దక్కినవి, తాటాకులు దక్కలేదు.

విహారమంటే రహస్యాలు దాచే చోటని మన సాహిత్యం ఎన్నడూ తీర్మానించలేదు. శూద్రకుని మృచ్ఛకటికంలో శకారుడు వసంతసేన గొంతు నులిమి, చనిపోయినదనుకొని, ఎండుటాకులు కప్పి పోతాడు. నేరం చారుదత్తునిపై పడుతుంది. సాక్ష్యాలన్నీ ఆ నిరపరాధికి విరోధంగానే కూడివస్తవి, మరణశిక్ష విధింపబడుతుంది. వసంతసేనను బ్రతికించి, విహారంలో సేదదీర్చి, వధ్యస్థానానికి వేళకు తీసికొనివచ్చినవాడు ఒక బౌద్ధభిక్షువు. ఒకనాడు జూదంలో చిక్కి ఆమె దయవల్ల విముక్తుడైనవాడు అతడు. సత్యాన్ని నలుగురి నడుమ నిలిపిన ఆ భిక్షువు జోర్జెకు సరియైన ప్రతిబింబం. ఈ నాటకాన్ని తెలుగు చేసిన తిరుపతి వేంకట కవులలో దివాకర్ల తిరుపతిశాస్త్రిగారు మన భీమవరం సమీపంలోని యెండగండివారు. పాండిత్యాన్ని పండితుల అరుగులమీదినుంచి దించి, అవధానసభలలో జనసామాన్యం ముందు నిలిపిన జంట అది.

ఇంకొక ప్రతిబింబం మన ప్రాంతంలోనే ఉన్నది. 1914 ఏప్రిల్‌లో అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో బెజవాడలో గ్రంథాలయోద్యమకారులు మొదటిసారి సమావేశమైనారు. ఆ సభకు అధ్యక్షుడు చిలకమర్తి లక్ష్మీనరసింహంగారు. 1867లో ఖండవల్లిలో జన్మించిన ఆయనకు చిన్ననాటినుంచి చూపు తక్కువ. రచనలను ఇతరులకు చెప్పి వ్రాయించేవారు. ఉపాధ్యాయుడు, హాస్యరచయిత; ‘గణపతి’ని వ్రాసి ఆంధ్రదేశాన్ని కడుపుబ్బ నవ్వించినవాడు. ఎకో కల్పించిన అంధుడు నవ్వుకు భయపడి గ్రంథాలయానికి తాళం వేసినాడు. మన చిలకమర్తివారు నవ్విస్తూ గ్రంథాలయాల తలుపులు తెరవండని చెప్పిన సభకు పెద్దరికం వహించినారు. ఆ ఉద్యమం ఎంతదూరం పోయినదంటే, 1935లో పాతూరి నాగభూషణంగారు కృష్ణా కాలువమీద పడవలో పుస్తకాలు పెట్టించి, ఒడ్డునున్న పల్లెలవారి ముంగిటకు పంపినారు. కాలువగట్లమీద పెరిగిన మనకు ఆ దృశ్యాన్ని ఊహించుకొనడం కష్టం కాదు.

ఇటువంటి వారసత్వం గల దేశంలో నేడు పాఠశాల గ్రంథాలయం అనేకచోట్ల ఏ స్థితిలో ఉన్నది? ప్రధానోపాధ్యాయుని గదిలో ఒక ఇనుప బీరువా; దానికి తాళం; తాళంచెవి సొరుగులో. తనిఖీ వచ్చిననాడు దుమ్ము దులుపుతారు. దీనికి ఉపాధ్యాయులను నిందించడం సులభమేగాని న్యాయం కాదు. స్టాకు రిజిస్టరులో వంద పుస్తకాలుంటే బీరువాలో వందా ఉండవలెను. ఒకటి పోతే సంజాయిషీ, ఒక్కొక్కచోట సొంత జేబునుంచి పరిహారం. పరుల చేతికి పోయిన పుస్తకం తిరిగి రాదన్న పెద్దల మాట ఎట్లాగూ ఉన్నది. భయంతో తాళం వేసినవాడు ద్వేషంతో వేసినవానితో సమానుడు కాడు. అయినను బీరువా ముందు నిలిచిన పిల్లవానికి ఆ రెండు తాళాలలో భేదం కనబడదు.

అందుచేత చేయవలసినవి రెండు మూడు ఉన్నవి. చదివి చదివి చిరిగిన పుస్తకాన్ని నష్టంగా లెక్కింపక, సద్వినియోగంగా లెక్కించి రిజిస్టరునుంచి తొలగించే వెసులుబాటును అధికారులు నిస్సంకోచంగా కల్పించవలెను. పుస్తకాలు ఇచ్చిపుచ్చుకొనే లెక్కను పై తరగతి విద్యార్థులకే అప్పగించవచ్చును. తమ చేతిలో పెట్టినదానిని పిల్లలు పెద్దలకంటె జాగ్రత్తగా చూచుకొంటారు. గ్రంథాలయానికి కేటాయించిన పీరియడును లెక్కల మాస్టారికో, ఇంగ్లీషు మాస్టారికో అప్పివ్వకుండ నిలుపుకొనవలెను.

మరి ఒక తాళం ఉన్నది. అది ఇనుపది కాదు. ‘ఇవి చదువదగినవి, ఇవి కావు’ అని గీత గీసే మన అలవాటు. కొమ్మూరి సాంబశివరావుగారి డిటెక్టివ్ యుగంధర్‌ను పాఠ్యపుస్తకం నడుమ దాచి చదివిన తరం ఒకటి ఉన్నది. వారిలో చాలామందికి చదివే అలవాటు అబ్బినది ఆ దొంగచదువులవల్లనే. నేరకథలో ప్రతి పుటలోను ఆధారమేది, ఊహ ఏది అని విడదీసికొనవలసి వస్తుంది. పొగను చూచి నిప్పును ఊహించే పద్ధతిని మన తార్కికులు అనుమానప్రమాణమన్నారు. విలియం సన్న్యాసి చేసినది అదే. ఈ ధారావాహికను చూపించగలిగిన ఉపాధ్యాయుడు పై తరగతులవారికి తగిన భాగాన్ని ఎన్నుకొని చూపి, మధ్యలో ఆపి, ‘ఇంతవరకు మనకు తెలిసినదేమి? మనం అనుకొన్నదేమి?’ అని రెండు వరుసలుగా వ్రాయించితే, తర్కానికి అంతకంటె మంచి తొలిపాఠం దొరకదు. కంటికి కనబడిన ప్రతి వార్తనూ నమ్మి ఇతరులకు పంపుతున్న ఈ కాలంలో ఆ పాఠం మిక్కిలి అవసరం.

నాగార్జునుని విహారానికి దారి తెలిసినవారు లేకపోయినారు. ఆ నష్టాన్ని మనం ఇక పూడ్చలేము. మన పాఠశాల బీరువాకు దారి మాత్రం అందరికీ తెలుసు. తాళంచెవి ఉన్న సొరుగు కూడ తెలుసు. రేపు సోమవారంనాడు ఒక్కొక్క ఉపాధ్యాయుడు ఒక్కొక్క తాళం తీసినా, ఆ కథ వ్రాసినవాని శ్రమ, చూచినవారి కాలం సార్థకమైనట్లే.